ఒక్క తుమ్ముతో ముగిసిన మహాసంగ్రామము

వర్షర్తు ప్రారంభమున, సోమవారము ఉదయము తొమ్మిది గంటల వేళ, ముప్పది నాసికలు జీవనదులై ప్రవహించు ఒకటవ తరగతి గదియందు, సుద్దముక్కయే ఖడ్గముగా, హాజరుపట్టీయే డాలుగా నిలిచిన నూతనోపాధ్యాయిని గాథను వినుడు!

చేరిన మూడవనాడే, బుగ్గలు అను ముద్దుపేరు గల బాలిక ఆమె ముఖముపై తుమ్మెను. తత్క్షణమే వైరస్ సేనలు నాసాద్వారమును భేదించి కంఠదుర్గమును ముట్టడించెను. కావలి కణములు దొరికినవారిని దొరికినట్లు కబళించి కబళించి అలసిపోయి, శత్రుశకలమొకటి చేతబట్టి మెడలోని గ్రంథికి పరుగిడెను. అచ్చట, ఒక్కొక్కరు ఒక్కొక్క శత్రురూపమును మాత్రమే గుర్తింపగల లక్షలాది యోధులు బారులు తీరియుండగా, సరిపోలినవాడొక్కడు లేచి, ఇద్దరై, నలుగురై, వేలై, యాంటీబాడీలనెడి శరపరంపరను సిద్ధపరచుటకు వారము దినములు పట్టెను.

ఆ వారమంతయు వీరనారి దుప్పటిలో మూలిగెను.

"అత్తయ్యా, ఇంకోసారి సెలవు పెడితే నా క్లాసు వేరేవాళ్ళకిచ్చేస్తానన్నారు పెద్ద మేడం. ఈ ఉద్యోగం నిలబడేలా లేదు."

ముప్పదియేండ్లు ల్యాబులో రక్తపరీక్షలు చేసి విరమించిన అత్తగారు ఆవిరిగిన్నె చేతబూని ఇట్లు పలికెను: "ఊరుకో అమ్మాయ్. నీ ఒళ్ళు ఇప్పుడే దాని మొహం చూసింది. కాస్త టైం పడుతుంది. మళ్ళీ అదే వస్తే ఇట్టే పట్టేస్తుంది."

"వేరేది వస్తే?"

"మళ్ళీ మొదట్నుంచి. ఆవిరి పట్టు ముందు."

ఆమె కోలుకొనెను. విజేతలలో పెక్కుమంది రాలిపోయిరి గాని, కొందరు జ్ఞాపకధారులై గ్రంథులలో మిగిలిరి.

రెండు నెలలకు అదే వైరస్, అదే ఆకారముతో, బడిపై మరల దండెత్తెను. వ్యాయామోపాధ్యాయుడు కూలెను. రెండవ తరగతి టీచరు మంచమెక్కెను. బుగ్గలు మరొకమారు గురి తప్పక తుమ్మెను!

ఉపాధ్యాయిని తన సెలవులను వ్రేళ్ళపై లెక్కించుకొనెను. ఇంకొక్క సెలవు, అంతటితో సరి! కాని లోపల జ్ఞాపకధారులు "వీడా! వీడు మనకు తెలిసినవాడే!" యని గర్జించి, వారము పట్టిన పనిని రెండు దినములలో ముగించిరి. మూడవనాటి ఉదయమున ఆమెకు వచ్చినది ఒకే ఒక్క తుమ్ము.

అంతలో ముక్కు దిబ్బడవేసిన పెద్ద మేడం గుమ్మమున నిలిచి, "టీచర్, బీరొక్కరే బిగిలారు. రెండో తరగతి కూడా బీరే చూడాలబ్బా," అనెను.

"అలాగే మేడం. మీరెళ్ళి పడుకోండి."

అంతట ఆ ధీరురాలు రెండు తరగతులను ఒక్క గదిలో కూర్చుండబెట్టి, రెండవ ఎక్కమును మొదటినుండి తుదివరకు, ఒక్కమారైనను ముక్కు చీదకుండ, చెప్పించెను!