పేటెంటు పట్టకారు

కొత్త వస్తువు కనిపెట్టినవాడు చెయ్యాల్సిన మొదటి పని దాన్ని దాచెయ్యడం! నవ్వకండి. పేటెంటు వల్ల లాభాలు తెలియక మనవాళ్లు కనిపెట్టినదాన్ని కనిపెట్టినట్టే వాడేసుకుంటున్నారు. ఎంత అమాయకత్వం!

మా వీధిలో లేతు మిషను నడిపే మేస్త్రినే తీసుకోండి. వాళ్లమ్మకు కీళ్లవాతం. వేళ్లు బిగుసుకుపోయి, వంటింట్లో సీసా మూత తీయాలంటే ప్రాణం మీదికొచ్చేది. చూసి చూసి మేస్త్రికి కడుపు తరుక్కుపోయింది. పాత సైకిలు చెయినుకు ఇనప పిడి తగిలించి ఓ పట్టకారు చేశాడు. చిటికెన వేలితో తిప్పితే చాలు, ఎంత మొండి మూతైనా దాసోహం!

పిచ్చి మారాజు, ఆ పూటే తల్లి చేతిలో పెట్టేసేవాడు. దేవుడల్లే తెలిసిన ప్లీడరొకాయన అడ్డుపడ్డాడు.

"దరఖాస్తు పడేదాకా పిట్టక్కూడా చూపించకండి. ఎవరైనా చూశారో, మీ హక్కు గోవిందా!"

తల్లి పిట్ట కన్నా పెద్దదే కదా? పట్టకారు బీరువాలోకీ, తాళంచెవి మేస్త్రి జేబులోకీ వెళ్లాయి.

ఇక చూడాలి ఆయన దర్జా! నిన్నటిదాకా వట్టి మేస్త్రి, ఇప్పుడు ఇన్వెంటర్. "ఏం కనిపెట్టావోయ్?" అని టీ కొట్టు దగ్గర ఎవరైనా అడిగితే, "చెప్పకూడదు" అంటాడు. నోరు మూసుకున్నందుకు ఇంత గౌరవం ఇంకే వృత్తిలో ఉంది చెప్పండి? తల్లీకొడుకుల బంధమూ గట్టిపడింది. మూత రానప్పుడల్లా ఆవిడ కేకేస్తుంది. ఈయన లేతు ఆపి పరిగెత్తుకొచ్చి, పళ్లు బిగబట్టి, చేత్తోనే తీస్తాడు. పట్టకారు బయటికి తీస్తే పెళ్లాం చూసేస్తుంది మరి!

దరఖాస్తు పడింది. అయినా బీరువా తెరవలేదు. పేటెంటు చేతికి రావద్దూ? ఏళ్లు గడిచాక, మొన్ననే వచ్చింది. మేస్త్రి దానికి ఫ్రేము కట్టించి, పట్టకారు చేతబట్టుకుని, ఆనందం పట్టలేక వంటింట్లోకి పరిగెత్తాడు.

"అమ్మా! ఇక నా అనుమతి లేకుండా దీన్ని ఎవడూ చెయ్యడానికి లేదు!"

తల్లి అచ్చం అలాంటి పట్టకారుతోనే హాయిగా మూత తీస్తోంది. ఆవిడ అవస్థ చూడలేక ఎదురింటి వెల్డరు నిన్ననే చేసిచ్చాడట.

మేస్త్రికి ఒళ్లు మండిపోయింది. "వాడి మీద కేసు వేస్తా! వాడుకున్నవాళ్ల మీదా వెయ్యొచ్చు, తెలుసా?"

"వెయ్యి నాయనా," అంది తల్లి. "'అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు' అని సామెత కట్టినవాడెవడో గానీ, పాపం, వాడికి కొడుకులున్నట్టు లేదు."