షాబాదు బండ మీద ఎర్ర అడుగు

ఆ పొద్దున శంకరయ్య వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పెళ్లి చీర అంచుకు కావలసిన పట్టును ఎర్రరంగులో ముంచి ఆరేయాలి, తరువాత కొడుకు దినేష్‌కు క్షవరం చేయించాలి. గద్వాలలో ఆ నేతగాళ్ల వీధికి దినేష్ అప్పుడు పెళ్లికొడుకు కంటే ఎక్కువ. మిలిటరీ అకాడమీకి రాతపరీక్ష గట్టెక్కాడు, ఇంటర్వ్యూ గట్టెక్కాడు. ఇక మిగిలింది డాక్టర్ల పరీక్ష ఒక్కటే. "గదేముంది, రాయి లెక్కున్నడు పిలగాడు" అని వీధి ముందే తేల్చేసింది.

ఆ రాయిలాంటి పిలగాడు ఫోన్ చూసుకుంటూ నడిచి రంగు బకెట్టును తన్నేశాడు.

ఇల్లంతా ఎర్రటి వరద. దినేష్ గుడ్డల కోసం అటూ ఇటూ పరిగెత్తాడు. శంకరయ్య పట్టును నెత్తిన పెట్టుకుని గంతులేశాడు. కేకలు విని పక్కింటి దశరథం గడప బయట చెప్పులు విడిచి సాయానికి వచ్చాడు. నాయనమ్మ జోగమ్మ అందరినీ తిడుతూ బండలు తుడిచింది. ఎంత తుడిచినా స్తంభం పక్కన ఒక్క అడుగు మాత్రం షాబాదు బండలోకి ఇంకిపోయి మిగిలింది.

దాన్ని ముందుగా చూసినవాడు దశరథం. మిలిటరీ సంగతుల్లో వీధికి ఆయనే పెద్ద. వయసులో ఉన్నప్పుడు సైన్యంలో చేరబోయి, అమ్మ ఏడ్చిందని తిరిగొచ్చిన మనిషి. ఆ త్యాగం గురించి వినని చెవి వీధిలో లేదు.

"కొంప మునిగింది బావా! గీ అడుగు సూడు. మంచి పాదమైతే నడుమ వంపు నేలకు తాకదు. గిదేమో రొట్టె పెనం లెక్కుంది. గిట్లుంటే మిలిటరీల తీస్కోరు."

"ఎవరిదిరా గది?" అంది జోగమ్మ.

"ఇంకెవరిదత్తా? ఇల్లంత ఉరికింది మీ పిలగాడే గద!"

అందరూ దినేష్ కాళ్లకేసి చూశారు. దినేష్ కూడా కాలెత్తి చూసుకున్నాడు. ఆ భయంలో అది నిజంగానే పెనంలా కనిపించింది. ఇంకోసారి తడికాలు మోపి చూద్దామని ఇంట్లో ఒక్కరికీ తోచలేదు. చిన్నప్పటి నుంచి ఆ యూనిఫారం ఒక్కటే కలగన్న పిల్లవాడు ఆ పూట అన్నం ముట్టలేదు.

"పరేషాన్ గాకు బిడ్డా. వంపు లేకుంటే తెప్పిద్దం" అని జోగమ్మ రంగంలోకి దిగింది. పాదాల కింద నూలు కండెలు పెట్టి బిగించి కట్టింది. మునివేళ్ల మీదే నడవాలన్నాడు దశరథం. శంకరయ్య తన వంతుగా కొడుకును గుంట మగ్గంలో కూర్చోబెట్టి తొక్కించాడు. కండెలు కట్టిన కాళ్లు ఎక్కడ తొక్కాయో ఏమో, అంచులో నెమళ్లు తోకలు లేకుండా దిగాయి. శంకరయ్య వాటిని చాలాసేపు చూసి నిట్టూర్చాడు.

"కోళ్లనుకుంటరు తియ్."

మునివేళ్ల మీద నడుస్తున్న దినేష్‌ను చూసి వీధి పక్షవాతమనుకుంది. సాయంత్రానికి పరామర్శకు బత్తాయిలతో జనం దిగారు. జోగమ్మ ఎవరి మనసూ నొప్పించకుండా బత్తాయిలన్నీ తీసుకుంది.

ఆఖరి వైద్యం బీచుపల్లిలో జరిగింది. ఇసుకలో నడిస్తే వంపు వస్తుందని దశరథం కుర్రవాణ్ణి బండి మీద తీసుకుపోయి, మిట్టమధ్యాహ్నం కృష్ణ ఒడ్డున వదిలాడు. తాను మాత్రం చెప్పులు తొడుక్కుని గొడుగు కింద నిలబడి, "శబాష్! కాలినకొద్ది వంపు దిరుగుతది!" అని హుషారు చేశాడు. వంపు తిరిగిందో లేదో గానీ రెండు కాళ్లూ బొబ్బలెక్కాయి.

మిలిటరీ ఆసుపత్రిలో డాక్టరు ఆ పాదాలను అటూ ఇటూ తిప్పి చూశాడు. "వంపు చక్కగానే ఉందే! మరి ఈ బొబ్బలేమిటి? వేళ్ల మీద నడుస్తావేం?"

దినేష్ బకెట్టుతో మొదలుపెట్టి బీచుపల్లి దాకా చెప్పాడు. డాక్టరు మొహానికి ఫైలు అడ్డం పెట్టుకున్నాడు. కాసేపటికి తేరుకుని, బొబ్బలు మానాక మళ్లీ రమ్మన్నాడు. "అప్పటిదాకా ఏమీ చెయ్యొద్దు. ముఖ్యంగా మీ వీధివాళ్లను ఏమీ చెయ్యనివ్వొద్దు."

ఏమీ చేయకుండా ఉండటం ఆ వీధికి చాలా కష్టమైంది. అయినా ఓర్చుకుంది. రెండోసారి పరీక్షకు వెళ్లిన దినేష్ ఆసుపత్రి గేటు దగ్గర నుంచి ఫోన్ చేసి "నాయినా, పాసైన" అన్నాడు. శంకరయ్య మగ్గం గుంటలో కూర్చునే సంతోషం పట్టలేక ఏడ్చేశాడు.

దినేష్ ఇంటికి వచ్చిన రోజు అందరికంటే ముందు మిఠాయి డబ్బాతో దశరథం వచ్చాడు. ఆయన వెనకే వీధంతా దిగింది. చెప్పులు విడిచి లోపలికి వస్తూనే, "నేను జెప్పలే? అంత బీచుపల్లి ఇసుక మహిమ!" అన్నాడు.

"ఇసుక గాదు మామా. నా కాళ్లు ముందు సంది మంచిగనే ఉన్నయంట."

జోగమ్మ చూపు స్తంభం వైపు తిరిగింది. మనవడి కాలు తడిపి ఎర్ర అడుగు పక్కన పెట్టించింది. నడుమ చక్కటి ఖాళీ. శంకరయ్య కాలు పెట్టించింది. అక్కడా ఖాళీయే.

"దశరథం, జర నీ కాలు వెట్టు."

"నాకెందుకత్తా, ఇంటికాడ పనుంది..."

"వెట్టు."

పెట్టాడు. ఎర్ర అడుగు ఆయన పాదం కింద పూర్తిగా మాయమైపోయింది.

"ఏందిరా, మీ అమ్మ ఏడ్చిందనే గద మిలిటరీ నుంచి తిరిగొచ్చిన అన్నవ్?"

దశరథం తల వంచుకున్నాడు. "అబద్ధం గాదత్తా, ఏడ్చింది." బండ మీద నుంచి కాలు వెనక్కి తీసుకున్నాడు. "నన్ను తీస్కోలేదని ఏడ్చింది."

వీధి వీధంతా విరగబడి నవ్వింది. దినేష్ డబ్బాలో మొదటి మిఠాయి తీసి మామ నోట్లోనే పెట్టాడు. నోటినిండా మిఠాయితో ఆయన కూడా నవ్వేశాడు.

ఆనాటి నుంచి దశరథం ఎవరింటికి వెళ్లినా గడప బయటే, చెప్పులతోనే నిలబడి సలహాలు ఇస్తున్నాడు.