రమణి బొప్పి పరిరక్షణ పర్వము

చండప్రచండ మార్తాండ కిరణ సంతప్తమై, చినుకు కోసం ఆకాశం వైపు చూసి చూసి మెడలు పట్టేసిన శనగచేల నడుమ, ఆలూరుకు పడమరగా, బస్సు సైతం ఊరి మొగదాకా వచ్చి లోపలికి రావడానికి మొహమాటపడే ఒకానొక గ్రామమందు, ఉన్నత పాఠశాల అనే దుర్గంలో, ఉడికించిన కోడిగుడ్డు కడుపులోనూ కునుకు కన్నుల్లోనూ నిండగా పదవ తరగతి మహాసైన్యం భౌతికశాస్త్ర పాఠానికి ఆసీనమై ఉన్న వేళ, కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. ఆ నిశ్శబ్దంలోనే, ఓ శ్రోతలారా, ఒక ఘోరసంగ్రామానికి బీజం పడింది.

ఆ దుర్గానికి ఒక అనాది ధర్మం ఉంది. ప్రశ్నకు జవాబు చెప్పలేనివారు వరసగా నిలబడాలి. చెప్పగలిగినవారు ఆ వరస వెంట నడుస్తూ, నిలబడిన ప్రతి శిరస్సు మీదా ఒక మొట్టికాయ ప్రసాదించాలి. ఈ ధర్మాన్ని స్థాపించినవారెవరో తెలియదు. అమ్మలు తిన్నారు, మేనమామలు తిన్నారు, నేటి సర్పంచి కూడా ఇదే గోడ పక్కన నిలబడి తిన్నాడని ప్రతీతి.

ఈ ఏడు బడి తెరిచిన నాటినుండి ఆ ధర్మదండం ఒకే హస్తంలో ఉంది. అతడు హర్షవర్ధనుడు. కర్నూలు ఇంగ్లీషు మీడియం విద్యా పారంగతుడు, జొన్నదంటు సమోన్నత విగ్రహుడు, తండ్రికి బదిలీ అయినందున ఈ ఎండల మీదికి విసిరివేయబడ్డ వీరుడు. అతని మొట్టికాయ పడితే వడగండ్ల వాన పడ్డట్టే. వాన మాత్రం ఉండదు.

మరి మన నాయిక? ఆమె పేరు జీవిత. మౌనవ్రత దీక్షా ధురంధర, మూడవ బెంచీ మూలనివాసిని. ఆదివారం చర్చిలో అందరూ కీర్తన పాడుతుంటే ఆమె పెదవులు మాత్రమే పాడేవి. అయినా ఆమెకొక రహస్య విద్య ఉంది. వారి పుస్తకాల్లో ఒక పుట తెలుగు, ఎదుటి పుట ఇంగ్లీషు. లోకమంతా ఏదో ఒక పుట చదివి రెండోదాన్ని నెమలీకలు దాచుకోవడానికి వాడుకుంటే, మాట్లాడే పని లేనందువల్ల బోలెడంత తీరిక మిగిలిన జీవిత రెండు పుటలూ చదివేది. తెలిసిన జవాబును గొంతులోనే పాతిపెట్టి, హర్షవర్ధనుడి మొట్టికాయకు తల వంచేది. జవాబు చెబితే లేచి నడవాలి, మగపిల్లల తలలు ముట్టుకోవాలి. దానికన్నా బొప్పి కట్టడమే మర్యాద అని ఆమె సిద్ధాంతం.

కాని ఆనాడు ఆమె పక్కన రమణి ఉంది. ప్రాణసఖి. ఆదివారం టమాటాలు లారీకి ఎత్తుతుంటే ప్లాస్టిక్ బాక్సు అంచు తగిలి, ఆ సఖి నెత్తిన నిమ్మకాయంత బొప్పి వెలసింది. జడ వేసుకుంటేనే కండ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. దానిమీద హర్షవర్ధనాస్త్రం పడితే ఏమవుతుంది? ఊహకే జీవిత తన నెత్తి తడుముకుంది.

అంతలో శివజ్యోతి మేడం సుద్దముక్క ఝళిపించి ప్రశ్నాస్త్రం సంధించింది.

"పవర్ అంటే ఏంది? ఈరన్నా, నువ్వు చెప్పప్పా."

చిన్న ఈరన్న లేచి ఆగిపోయిన ఫ్యాను వైపు వేలు చూపాడు. "కరెంటు మేడం. ఇప్పుడు పోయిండాది సూడండి, అదే."

"అది వాడుక మాట. నిలబడు. ఓబుళేశూ?"

"మా మామకుండేది మేడం. సర్పంచి గదా."

"మీ మామను సాంఘికశాస్త్రంలో అడుగుదాం. నిలబడు. రమణీ?"

"కండ్లద్దాలకుండేది మేడం. మా అవ్వకు శానా పవరుండాది."

"అద్దాలు లేకపోయినా ఉండాది మేడం," అన్నాడు ఈరన్న. "ఆయమ్మ అరిస్తే ఆలూరికి ఇనపడతాది."

"మా అవ్వ జోలికొస్తే నీ కత ఉంటాది, చూడు," అంది రమణి.

"అది పోయిన పాఠంలో పవర్," అంది మేడం నవ్వు ఆపుకొని. "ఈ పాఠంలో ఏంది? నిలబడు. హర్షా!"

హర్షవర్ధనుడు సింహాసనం దిగినట్టు బెంచీ దిగాడు. "టూ పవర్ త్రీ, మేడం. రెండును మూడుసార్లు వేసి గుణించడం. ఎనిమిది."

"అది లెక్కల సారు ఇల్లు నాయనా. దారి తప్పి ఈడికొచ్చినావు. నిలబడు."

సైన్యం పళ్లికిలించింది. హర్షవర్ధనుడు నిలబడటమా! కాని ఆ ఆనందం రెప్పపాటే నిలిచింది. తరగతి మొత్తం ఒక్కో జవాబుతో ఒరిగిపోయాక మేడం ఇలా శాసించింది. "మీరందరూ రైటే, అందరూ తప్పే. ఏ పవర్ యాడిదో, ఈ పాఠంలోది ఏదో విడదీసి చెప్పినోళ్లే ఈ పొద్దు గెలిచినట్టు."

"ఉండండి మేడం, గుర్తొస్తాంది!" అని గర్జించాడు హర్షవర్ధనుడు. కండ్లు మూసి జ్ఞాపకాల గుహలో దీపం వెతుకుతూ, చేతివేళ్ల కణుపులు మాత్రం ముందే విరుచుకుంటున్నాడు. టకటకమని ఆ చప్పుడు విని రమణి రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది.

"చేతులు దించు రమణీ," అంది మేడం.

"జీవీ," రమణి దించిన చేత్తో జీవిత మోచేయి పట్టుకుంది. "నీకు తెల్సు గదే. చెప్పే తల్లీ. నువ్వు కొడితే దోమ వాలినట్టుంటాది."

అప్పుడు జీవిత తన నాలుకను ఉద్దేశించి మనసులోనే ఇట్లు పలికింది. "ఓసి జిహ్వా! అన్నమూ ఊరుబిండి పచ్చడీ రుచి చూసినన్నాళ్లూ చురుకుగా ఉండి, ఆపదవేళ దంతదుర్గం వెనుక దాక్కుంటివా? మొన్న పెద్దమ్మ ఏమన్నదో మరచితివా? 'నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా మే?' అన్నది కదా! రాలితే రాలనీ! సఖీ శిరోవేదన కన్నా ముత్యములు ఎక్కువా? కదులుము, కదులుము!"

నాలుక కదలలేదు. అవతల హర్షవర్ధనుడి కనుబొమలు లేచాయి. దీపం దొరికినట్టుంది. అతని నోరు తెరుచుకుంది.

"అది యాడుండాదో దాన్ని బట్టి మేడం."

ఎవరిదీ కొత్త గొంతు? సైన్యం వెనక్కి తిరిగింది. జీవిత కూడా వెనక్కి తిరిగి చూసింది, మాట్లాడింది ఎవరోనని.

"గట్టిగా చెప్పమ్మా," అంది మేడం.

"మా ఏసేపు మామ మాదిరి మేడం. నాకు మామ. మాయమ్మకు అన్న. చర్చిలో పెద్ద. మనిషి ఒగడే, ఏ గడపలో నిలబడితే ఆ పిలుపు. ఈ మాటా అంతే. లెక్కల్లో ఘాతం. సాంఘికంలో అధికారం. అద్దాలకైతే వెలుగును ఎంత వంచుతాదో అది. ఈ పాఠంలో సామర్థ్యం మేడం, పనిని ఎంత తొందరగా చేస్తాదో అది." ఊపిరి ఇంకా మిగిలి ఉండటం చూసి ఆమెకే ఆశ్చర్యమేసింది. మిగిలినదాన్ని వృథా చేయడమెందుకని, "తెలుగు పుటలో శానా మటుకు దేని పేరు దానికుండాది మేడం. ఇంగ్లీషులోనే ఎందుకో పేర్లకు కరువొచ్చినట్టుండాది," అనేసింది.

కరువు సంగతి తెలిసిన సీమ కదా, తరగతి గొల్లుమంది. మేడం కూడా నవ్వి, చేయి చాపి వరసను చూపింది. "కానీ తల్లీ. ధర్మం ధర్మమే."

అంతట లజ్జారుణ వదనయై జీవిత దండయాత్రకు బయలుదేరింది. ఈరన్న నెత్తిన ఆమె వేలు వాలి లేచింది. "పడిందా, ఇంకా పడాల్నా?" అన్నాడు వాడు. ఓబుళేశు తన తలనూనె ఆమె వేలికి అంటినందుకు తానే సిగ్గుపడ్డాడు. ఇలా పూలమీద సీతాకోకచిలుకలా సాగుతూ సాగుతూ హర్షవర్ధనుడి ముందుకు వచ్చి ఆగింది. ఆ శిఖరం అందదు.

"వంగప్పా," అంది మేడం.

శిఖరం వంగింది. "ఇంగొక్క క్షణముంటే నేనే చెప్పేవాణ్ణి," అని కింద నుండి గొణిగింది. ఆ మాట అనకుండా ఉంటే బాగుండేది. బడి తెరిచిన నాటినుండి తిన్న మొట్టికాయలన్నీ జీవిత మధ్యవేలి కణుపులోకి వచ్చి కూర్చున్నాయి.

టక్!

దుర్గం దద్దరిల్లింది. "అబ్బా!" నెత్తి రుద్దుకుంటూ లేచాడు హర్షవర్ధనుడు. "ఇంత సన్నగుండావు, ఇన్నాళ్లూ యాడ దాచిపెట్టినావు దీన్ని?" అతని మొహంలో కోపం లేదు. ఆమె కణుపుకే ఎక్కువ నొప్పి పుట్టింది గాని, ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

చివరగా రమణి. జీవిత పిడికిలి ఆకాశం నుండి దిగి, బొప్పికి వెంట్రుకవాసి ఎడంలో ఆగి, గాలిని కొట్టి వెనుదిరిగింది.

"రమణికి తగల్లేదే?" అంది మేడం.

జీవిత తన జీవితంలో రెండవసారి తరగతి గదిలో నోరు విప్పింది. "తగిలింది మేడం."

"సచ్చిపోతి మేడం!" బెంచీ మీద కూలబడి రమణి ఘోషించింది. "నెత్తి పగిలిపాయ! మాయమ్మకేం చెప్పాల!"

మేడం గబుక్కున నల్లబల్ల వైపు తిరిగింది. ఏదో రాస్తున్నట్టు చేయి కదిలింది గాని అక్షరం పడలేదు, భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

ఇట్లు, కరెంటు ఇంకా రాని ఆ మిట్టమధ్యాహ్నమందు, శనగచేలు సాక్షిగా, ఆగిన ఫ్యాను సాక్షిగా, లోకమెల్ల వినునట్లుగా చాటుచున్నాము. నిమ్మకాయంత బొప్పి నిమ్మకాయంతగానే ఇల్లు చేరినది. గోరంతయు పెరుగలేదు. జయము! జయము!