ఇంటికి ఒక్క విద్యార్థి

తెలంగాణ వచ్చేదాకా తాను విద్యార్థిగానే ఉంటానని తూర్పు నగర విద్యార్థి పోరాట సమితి అధ్యక్షులు బాల్‌రాజ్ గారు దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు ముందర దీక్షా శిబిరంలో ప్రకటించారు. టెంటు కింద చప్పట్లు మోగాయి. ఆయనకప్పుడు నలభై నాలుగేళ్లు.

త్యాగమంటే అలా ఉండాలి. ఆయనతో పాటు లా కాలేజీలో చేరినవాళ్లంతా స్వార్థంతో పరీక్షలు రాసి, పాసై, నల్లకోట్లు తొడుక్కుని కోర్టుల చుట్టూ సంపాదించుకుంటున్నారు. బాల్‌రాజ్ గారొక్కరే సెకండియర్‌లో నిలబడిపోయారు. విద్యార్థిగా ఉండగానే పెళ్లి చేసుకున్నారు. విద్యార్థిగా ఉండగానే కూతుర్ని కన్నారు. ఆ కూతురు ప్రణతి ఇప్పుడు ఇంజనీరింగ్ ఫైనలియర్‌కొచ్చింది, ఆయన మాత్రం సెకండియర్ వదల్లేదు. ఎల్‌బీ నగర్‌లో తాతలనాటి పొలం ప్లాట్లయింది, ప్లాట్లు ఫ్లెక్సీలయ్యాయి, ఫ్లెక్సీలు వానకు చిరిగిపోయాయి. అయినా ఆయన ఏనాడూ బాధపడలేదు.

ఆ రోజు చప్పట్లు సద్దుమణగక ముందే, మూసారాంబాగ్‌లో రూము కిరాయికి తీసుకుని ఎమ్మే చదువుతున్న మహిపాల్ అనే కుర్రవాడు లేచి నిలబడ్డాడు. చాలా మర్యాదగానే అడిగాడు.

“అన్నా, మీరు ఏ కాలేజన్నా?”

అధ్యక్షుణ్ణి అడగాల్సిన ప్రశ్నేనా అది? బాల్‌రాజ్ గారు ఉద్యమం గురించి గంటసేపు మాట్లాడారు. మహిపాల్ మళ్లీ అదే అడిగాడు. పార్టీ ఇన్‌చార్జి సీతారాములు గారు ఇద్దరినీ పక్కకు పిలిచి, పేపరోళ్లు చూస్తున్నారని, వచ్చే ఆదివారం లోపల పేరు కింద ‘విద్యార్థి’ అని అచ్చయిన కాగితం ఏదైనా సరే బాల్‌రాజ్ తెచ్చి చూపించాలని, లేకపోతే అధ్యక్ష పదవి మహిపాల్‌కు పోతుందని తేల్చేశారు.

బాల్‌రాజ్ గారి దగ్గర పాత ఐడీ కార్డు ఉంది గానీ దాని మీది ఫొటోలో తల నిండా జుట్టుంది. పోనీ కాలేజీకి వెళ్లి కొత్త కార్డు తెచ్చుకుందామంటే ఆ కాలేజీ మూతపడి ఏనాడో ఫంక్షన్ హాలయింది. ఇంకో కాలేజీలో చేరదామంటే సకల జనుల సమ్మె నడుస్తోంది, కాలేజీలన్నీ బందు. తూర్పు నగరంలో ఆ బందుకు పిలుపిచ్చింది స్వయానా బాల్‌రాజ్ గారే.

దిగులుతో ఇంటికొచ్చి కూర్చుంటే ప్రణతి దగ్గరికొచ్చింది. దాని గోల దానిది. మూసీ మీద వంతెనకు డ్రాయింగులు వేయడం ఆమె ప్రాజెక్టు. అందుకు డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ కావాలి. దొంగ కాపీ మీద వేసినవి ఈ ఏడాది నుంచి కాలేజీ తీసుకోదట. అసలు ధరకు కొనాలంటే మిగిలిన ఒక్క ప్లాటూ అమ్మాలి. కానీ విద్యార్థులకైతే దాదాపు ఊరికే ఇస్తున్నారట, దిల్‌సుఖ్‌నగర్‌లో సాంబమూర్తి గారి షాపులో.

“పేరు కింద స్టూడెంట్ అని బిల్లు మీద ప్రింటై వస్తది డాడీ. జర వచ్చి ఇప్పియ్యి” అంది.

బాల్‌రాజ్ గారు కూతురి వంక తదేకంగా చూశారు. ఇంత తెలివి ఎవరి పోలికో ఆయనకు వెంటనే అర్థమైంది. రేపే పోదామన్నారు.

మర్నాడు ఆయన ఒక్కరే పోయారు.

సాంబమూర్తి గారు ఏలూరు నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి. బాల్‌రాజ్ గారి మెడలో ఉద్యమ కండువా కనబడగానే కూర్చోబెట్టి టీ తెప్పించారు. డిస్కౌంటు తప్పకుండా ఇస్తామని, కాకపోతే చదువుతున్న కాలేజీ నుంచి చిన్న ఉత్తరం కావాలని చేతులు నలుపుకుంటూ చెప్పారు.

“కాలేజీలు బందున్నయ్ గదా” అన్నారు బాల్‌రాజ్ గారు.

“ఎవరు బందు చేశారండీ?”

“మేమే.”

“మరైతే మీరే తెరిపించవచ్చు కదండీ?”

దీన్ని బాల్‌రాజ్ గారు ఉద్యమం మీద దాడిగా భావించారు. మధ్యాహ్నానికల్లా షాపు ముందర నడిరోడ్డు మీద పొయ్యిలు వెలిగాయి, వంటా వార్పు మొదలైంది. సమితి కార్యకర్తలు బగారన్నం వండారు, పప్పుచారు కాచారు, వచ్చేపోయేవాళ్లను కూర్చోబెట్టి వడ్డించారు. ట్రాఫిక్ చైతన్యపురి దాకా ఆగిపోయింది. విద్యార్థికి డిస్కౌంటు హక్కా, భిక్షా అని మైకులో అడుగుతుంటే ఎల్‌బీ నగర్ పోవాల్సినవాళ్లు స్కూటర్లు స్టాండు వేసి విస్తరి ముందు కూర్చున్నారు. రెండోసారి పప్పుచారు వేయించుకుంటూ సాంబమూర్తి గారు లొంగిపోయారు. ఆయన బెంగళూరులోని కంపెనీ వాళ్లకు ఫోన్ చేస్తే, కాలేజీలు మూతపడ్డ చోట విద్యార్థి ఎవరో స్థానిక సంఘమే నిర్ణయించవచ్చని ఒప్పుకున్నారట. ఒకటే షరతు. నిర్ణయం ఒక్కసారి కంప్యూటర్లో ఎక్కాక మార్చడం ఎవరి తరమూ కాదు.

విద్యార్థి ఎవరో తేల్చడానికి రౌండ్ టేబుల్ సమావేశం పెట్టారు. దానికి బాల్‌రాజ్ గారు ఎంచుకున్న చోటు చూడాలి. ఆయన లా కాలేజీ ఉన్న స్థలంలో వెలసిన ఆ ఫంక్షన్ హాలే! గుమ్మంలో హాజరు కాగితం మీద అందరికంటే ముందు సంతకం పెట్టి, ఇన్నేళ్ల తర్వాత కాలేజీకి హాజరయ్యానని ఆయన కళ్లు తుడుచుకున్నారు. ఫొటోగ్రాఫర్ ఆలస్యంగా రావడంతో మళ్లీ తుడుచుకోవాల్సి వచ్చింది.

సమావేశంలో లోతైన చర్చ జరిగింది. ప్లాట్ల వ్యాపారి అంజయ్య గారు మనిషి చచ్చేదాకా నేర్చుకుంటూనే ఉంటాడు కాబట్టి తనకూ, తన ముగ్గురు బావమరుదులకూ డిస్కౌంటు రావాలన్నారు. సాఫ్ట్‌వేర్ అంటే ఏమిటో తనకు తెలియదని, తెలియనివాడి కంటే గొప్ప విద్యార్థి ఎవరుంటారని నిలదీశారు. మహిపాల్ మాత్రం, పరీక్షలు రాసేవాడే విద్యార్థి అన్నాడు.

బాల్‌రాజ్ గారు చిరునవ్వు నవ్వారు.

“పరీక్షలన్నీ మనమే వాయిదా ఏపిచ్చినం గద తమ్మీ. నీ లెక్కన జూస్తే ఇయ్యాల తెలంగాణల ఒక్క విద్యార్థి లేడు. గా మాట పేపర్ల రాపియ్యాల్నా?”

మహిపాల్ కూర్చున్నాడు. ఉద్యమంలో ఉన్నవాడే విద్యార్థి అని తీర్మానమైంది. కానీ అప్పుడొచ్చింది అసలు చిక్కు. మహిపాల్ వెంట వచ్చిన కుర్రాళ్లంతా లేచి, తాము ఉద్యమంలోనూ ఉన్నామని, పుస్తకాలూ చదువుతున్నామని వరస కట్టారు. ఇంతమంది విద్యార్థులు తేలితే, వాళ్ల అధ్యక్షుడెవరో ఓటేసి తేల్చమంటారేమోనని బాల్‌రాజ్ గారికి చెమట పట్టింది. గొప్పవాళ్లకు గొప్ప ఆలోచనలు అలాంటప్పుడే వస్తాయి.

సామాజిక న్యాయం ప్రకారం డిస్కౌంటు ఇంటికి ఒక్కరికే ఇవ్వాలని ఆయన ప్రతిపాదించారు. లేకపోతే ఉన్నవాళ్ల ఇళ్లలో పదిమంది కొట్టేస్తారని, పేదవాడి సంగతేమిటని గొంతు పెంచి అడిగారు. అంజయ్య గారు తలదించుకున్నారు. హాలంతా చప్పట్లు.

“అన్నా, మేం ఎనిమిది మందిమి ఒక్క రూముల ఉంటం. మా ఇల్లు ఒక్కటే” అన్నాడు మహిపాల్.

“అయితే మీల ఒక్కన్ని మీరే ప్రజాస్వామికంగా ఎన్నుకోండి.”

ఆ ఎన్నిక మూసారాంబాగ్‌లో ఆదివారం దాటాక కూడా నడిచింది. రూములో గిన్నెలు విడిపోయాయని వినికిడి. మహిపాల్‌కు రెండే ఓట్లు పడ్డాయి. ‘ఇంటికి ఒక్క విద్యార్థి’ అన్న తీర్మానాన్ని బాల్‌రాజ్ గారి నిలువెత్తు ఫొటోతో ఫ్లెక్సీ కొట్టించి సాంబమూర్తి గారి షాపులో కట్టారు.

ఇక ఫారం నింపడమే మిగిలింది. విద్యార్థి సంరక్షకుల వేలిముద్ర గానీ సంతకం గానీ ఉండాలన్నారు. బాల్‌రాజ్ గారు వినయంగా ఇంటికెళ్లి తల్లి ఇంద్రమ్మ ముందు కూర్చున్నారు. ఇదేం కాయితమని ఆమె అడిగితే చదువు కాయితమని చెప్పారు. ముసలామె బొటనవేలికి సిరా పూసుకుంటూ కొడుకు తల నిమిరింది.

“గీ సారన్నా పాసు గావాలె బిడ్డా” అంది.

ఆదివారం నాడు సీతారాములు గారు ఆ బిల్లును కళ్లజోడు సవరించుకుని చదివారు. బాల్‌రాజ్, స్టూడెంట్. అనుమానానికి చోటు లేదు. అధ్యక్ష పదవి నిలిచింది. బిల్లుకు ఫ్రేము కట్టించారు, ఆయనకు శాలువా కప్పారు, ఎల్‌బీ నగర్ చౌరస్తాలో ‘మన విద్యార్థి’ అని ఫ్లెక్సీలు లేచాయి. సాఫ్ట్‌వేర్ డబ్బా తెచ్చి ప్రణతి చేతిలో పెట్టి, నీ కోసమే ఇంత కొట్లాడానన్నారు. ఆమెకు నిజంగానే సంతోషమేసింది. నెల తిరిగేసరికి వంతెన డ్రాయింగులన్నీ వేసింది.

సమ్మె ముగిసి కాలేజీలు తెరిచారు. వెళ్లిన రోజే ప్రణతి డ్రాయింగులు చుట్టి తిరిగొచ్చింది. ప్రతి డ్రాయింగు మూలనా సాఫ్ట్‌వేర్ తనంతట తానే ‘బాల్‌రాజ్, స్టూడెంట్’ అని అచ్చువేసింది. ఈ బాల్‌రాజ్ ఎవడు, వాడి దగ్గర కాపీ కొట్టావా అని లెక్చరర్ అడిగారట. సొంత పేరు మీద సాఫ్ట్‌వేర్ తెచ్చుకుని మళ్లీ వేసివ్వమన్నారు, లేకపోతే ఏడాది పోతుందన్నారు. చెబుతూ చెబుతూ ఆమె ఏడ్చేసింది. ఇంతోటి దానికి ఏడుస్తారా, షాపు మనదే అనుకో అని బాల్‌రాజ్ గారు బైకు తీశారు.

సాంబమూర్తి గారు ఇద్దరికీ టీ తెప్పించారు. ప్రణతి ఐడీ కార్డు, కాలేజీ ఉత్తరం, హాల్ టికెట్టు అన్నీ బల్ల మీద పెట్టింది. ఇన్ని కాగితాలున్న విద్యార్థిని ఆయన ఈ మధ్యకాలంలో చూడలేదు. ఎంతో ముచ్చటపడి, ఇంటి అడ్రసు కంప్యూటర్లో కొట్టారు. తర్వాత తలెత్తి, వెనక గోడ మీది ఫ్లెక్సీ వంక చూశారు. ఫ్లెక్సీలో బాల్‌రాజ్ గారు చెయ్యెత్తి నవ్వుతున్నారు.

“మీ ఇంట్లో ఆల్రెడీ ఒక విద్యార్థి ఉన్నారండీ.”

“ఈమె నా బిడ్డ. నిజంగ చదువుతున్నది” అన్నారు బాల్‌రాజ్ గారు.

“కాదనట్లేదండీ. కంప్యూటర్ తీసుకోవట్లేదు. ఇంటికి ఒక్కరే అన్న రూలు మార్చలేం గానీ, మీ చదువు అయిపోయిందని ఒక్క మాట రాసివ్వండి, ఇప్పుడే అమ్మాయి పేరు ఎక్కించేస్తాను.”

సాంబమూర్తి గారు తెల్ల కాగితం, పెన్ను ముందుకు జరిపారు. బాల్‌రాజ్ గారు పెన్ను తీసుకున్నారు. కాసేపు పట్టుకున్నారు. రోడ్డు మీద సమితి కార్యకర్తలు ఆయన్ను చూసి, విద్యార్థి నాయకుడు బాలన్నకు జై అంటూ పోయారు. ఆయన పెన్ను మూత పెట్టి బల్ల మీద ఉంచారు. తెలంగాణ వచ్చేదాకా విద్యార్థిగానే ఉంటానని ప్రజలకు మాటిచ్చానని మెల్లగా అన్నారు.

ప్రణతి కాగితాలన్నీ సర్దుకుని బ్యాగులో పెట్టుకుంది.

“ఎప్పుడొస్తది డాడీ తెలంగాణ? నాకు పదో తారీఖు లాస్ట్ డేట్” అని అడిగింది.

సాంబమూర్తి గారు కూడా జవాబు కోసం ఆయన వంకే చూస్తున్నారు.