డ్యూటీ లేని రోజు

"ఇవాళ మనకి డ్యూటీ లేదు" అని కండక్టరు హోటలు గదిలో అద్దం ముందు నిలబడి మూడోసారి అన్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళు సిటీ బస్సులో టికెట్లు కొట్టి, రెండు నెలల కిందటే రిటైరైన మనిషి ఆయన. పెళ్ళయ్యాక భార్యతో కలిసి ఒక్క ఆదివారం తిరిగి ఎరగడు. ఆదివారాలు ఊరంతా షికారుకి బయల్దేరితే, ఆ ఊరిని మోసుకుతిరగడం ఆయన పని.

అందుకే ఇద్దరూ ఈ ఊరొచ్చారు. ఏ గోడ చూసినా బొమ్మలే, ఏ చౌరస్తాలో చూసినా ఎవరో ఒకరు ఏదో ఒకటి వాయిస్తూనే ఉన్నారు. ఆవిడ వేసిన ప్రోగ్రాం మాత్రం చాలా చిన్నది. కాఫీ తాగడం, మెల్లిగా నడిచి మ్యూజియానికి వెళ్ళడం, అక్కడ ఒకే ఒక్క బొమ్మ చూడడం. కిటికీ పక్కన ఏ పనీ చెయ్యకుండా కూర్చున్న ఒక ఇల్లాలి బొమ్మ అది. క్యాలెండరులో వచ్చిన దాని అచ్చుని ఆవిడ పదకొండేళ్ళుగా వంటింట్లో ఉంచుకుంది. "పని లేకుండా కూర్చుంటే ఆడదాని మొహం ఎలా ఉంటుందో దగ్గర్నించి చూడాలండీ" అంటుంది. రేపటినుంచి ఆ బొమ్మని మరమ్మతుకని లోపల పెట్టేస్తున్నారు. మళ్ళీ ఎప్పుడు బయటికొస్తుందో మ్యూజియం వాళ్ళకే తెలీదు. చూస్తే ఇవాళే చూడాలి, అదీ సాయంత్రం నాలుగులోపే.

మ్యూజియం గుమ్మం దగ్గర ఆవిడ ఆయన టికెట్టు ఆయనకిచ్చి, తన టికెట్టు తను తీసుకుంది. "నేను బ్యాగు కౌంటర్లో ఇచ్చొస్తాను. మీరిక్కడే నిలబడండి. ఏమీ చెయ్యకండి."

"నిలబడ్డానికి చేసేదేముంటుందే" అన్నాడు కండక్టరు.

నిజంగానే నిలబడ్డాడు. ఈలోగా తలుపులు తెరిచారు. జనం ఒక్కసారిగా గుమ్మంలోకి తోసుకొచ్చి, లోపల బోలెడంత చోటుండగా అక్కడే బిగుసుకుపోయారు. తలుపు దగ్గరున్న గార్డు మెడ నిమురుకుంటూ చూస్తున్నాడు. కండక్టరు కాలు ముందుకు పడింది. చింత చచ్చినా పులుపు చావదంటారు, ఆయన చింత చచ్చి రెండు నెలలే కదా అయింది.

"లోపలికి జరగాలి, లోపలికి జరగాలి. మధ్యలో అంతా ఖాళీయే. గుమ్మంలో నిలబడొద్దు సార్, మీకే చెప్పేది."

జనం జరిగారు. గట్టిగా చెప్పేవాడి మాట జనం ఎప్పుడూ వింటారు, ఎవరు చెబుతున్నారని అడగరు. ఒకాయన టికెట్టు చాపాడు. కండక్టరు చెయ్యి దాన్ని అందుకుని, సగానికి చింపి, ఒక ముక్క తిరిగిచ్చి, రెండో ముక్కని జేబులో వేసింది. దాంతో వెనకవాళ్ళూ చాపారు. పై నుంచి కొత్తమనిషిని వేశారు కాబోలని గార్డు సంతోషించి టీకి వెళ్ళిపోయాడు. కండక్టరు తల ఎత్తలేదు. రద్దీలో కండక్టరనేవాడు చేతులు చూస్తాడు గానీ మొహాలు చూడడు.

గుమ్మం ఖాళీ అయ్యాక తల ఎత్తితే, కౌంటరు దగ్గర భార్య లేదు.

ఆయన పరుగున పై అంతస్తుకి వెళ్ళాడు. ఆ బొమ్మున్న గది బయట జాతరలా జనం. గది గార్డు రెండు చేతులూ అడ్డం పెట్టి అరుస్తున్నాడు. "సగం టికెట్టంటే చూసేసినట్టు. టికెట్టు చింపేది ఇక్కడ, నేను. చూసినవాళ్ళు మళ్ళీ ఎందుకొస్తారు?"

"మేం చూళ్ళేదు మొర్రో" అంది ఓ పెద్దావిడ.

"చూడకుండా ఎవరు చింపారు?"

అందరూ వెనక్కి తిరిగారు. కండక్టరు కూడా వెనక్కి తిరిగి చూశాడు గానీ, ఆయన వెనక గోడే ఉంది.

సూపర్‌వైజరమ్మ వచ్చింది. "మిమ్మల్ని డ్యూటీకి ఎవరు వేశారండీ?"

"ఎవరూ వెయ్యలేదమ్మా. జనం ఆగిపోయారు, నా చెయ్యి ఆగలేదు."

"ముక్కలేవి?"

ఆయన జేబులోంచి తీసిచ్చాడు. ఒక్కటి కూడా పోలేదు. నంబర్ల వరసన సర్ది, వాటికి రబ్బరు బ్యాండు కూడా వేశాడు. సూపర్‌వైజరమ్మకి తిట్టాలనీ ఉంది, మెచ్చుకోవాలనీ ఉంది. చివరికి రెండూ మానేసి పెద్ద తలుపు మూయించి, ఒక బల్ల వేయించింది. "ఈ నూట అరవై మూడు ముక్కలూ వాళ్ళ చేతుల్లోని సగాలతో మీరే జత కలపండి. అన్నీ తేలాకే గది తెరుస్తాను. లేకపోతే నిన్న చూసినవాళ్ళు పాత ముక్కలతో రెండోసారి దూరుతారు."

అక్కడినుంచి ఆయన అవస్థ పగవాడికి కూడా వద్దు. ఒకడి ముక్క ఇంకొకడి దగ్గర తేలింది. ఒక కుటుంబం ముక్కలన్నీ కలిపేసుకుని ఎవరిది ఎవరిదో తెలియక కూర్చుంది. ఒకాయన తన ముక్క మీద ఎవరిదో ఫోన్ నంబరు రాసుకుని, పోగొట్టుకుని, నంబరు కోసం ఏడుస్తున్నాడు. వచ్చిన ప్రతివాళ్ళనీ కండక్టరు "మా ఆవిడ కనబడిందా" అని అడిగాడు. "మీ ఆవిడెవరు" అన్నారు వాళ్ళు. ఎలా ఉంటుందో చెప్పబోయి, ఇవాళ ఏ రంగు బట్టలు కట్టుకుందో తనకి తెలియదని గ్రహించాడు. ఆవిడ ముక్క కూడా వీటిల్లోనే ఉంటుంది, ఎక్కడో ఏ మూలో నిలబడి తనని తిట్టుకుంటూ ఉంటుంది. పదకొండేళ్ళ ఆశని తన చేత్తోనే చింపేశాననుకుంటూ ఆయన ఇంకో ముక్క అందుకున్నాడు.

మూడున్నరకి నూట అరవై మూడో జత కలిసింది. గది తెరిచారు. జనం వరసలో లోపలికెళ్ళారు. ఆయన ఒక్కొక్కరి మొహాన్నీ చూశాడు, జీవితంలో మొదటిసారి. భార్య లేదు.

నాలుగు కావస్తోందని గంట కొట్టి, అందరూ బయటికొచ్చాక, చింపని తన టికెట్టు గార్డుకిచ్చి లోపలికెళ్ళాడు. బొమ్మకెదురుగా బెంచీ మీద ఆవిడ కూర్చుని ఉంది. చెప్పులు పక్కన విడిచి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కాళ్ళు చాపుకుని.

"నువ్వు... ఎప్పుడొచ్చావే?"

"తలుపులు తెరవగానే. మీరే కదా, నా చెయ్యి పట్టుకుని, బస్సులో డిపో వాళ్ళని ఎక్కించినట్టు, టికెట్టు చింపకుండా 'స్టాఫ్, స్టాఫ్' అని లోపలికి తోశారు. తల ఎత్తి చూస్తే కదా."

పొద్దున చింపని టికెట్టుతో గదిలోకి రాగలిగినది ఆవిడ ఒక్కతే. ఆవిడ వెనకే మిగతా జనమంతా గది గుమ్మం దగ్గర ఆగిపోయారు. పొద్దుటినుంచి మూడున్నర దాకా ఆ గదిలో బొమ్మ ఒకటి, ఆవిడ ఒకతి.

కండక్టరు కూలబడ్డాడు. "నీ రోజంతా పాడుచేశాననుకున్నానే. బయట నిన్ను వెతుక్కుని వెతుక్కుని ప్రాణం పోయింది."

ఆవిడ ఆయన చెమట తుడిచింది. ఆయన ఆవిడ మొహం చూశాడు. అంత తీరిక ఆ మొహంలో ఆయన ఎన్నడూ చూడలేదు.

"ఇంకో రోజు ఉండి వెళదామండీ" అంది ఆవిడ చెప్పుల్లో కాళ్ళు పెడుతూ. "కింద శిల్పాల గది ఉందిట. మీరు తలుపు దగ్గర నిలబడితే చాలు."