రెండు కోటింగుల మొక్క

నేను తలుపులకూ కిటికీలకూ రంగులేసేవాణ్ణి. రంగుతో కప్పలేని తప్పు లోకంలో లేదని నా నమ్మకం. ఆ నమ్మకం ఊడిపోయిన రోజు సంగతి చెబుతాను.

మా ఆవిడ బడిలో సైన్సు టీచరు. పది రోజులు వాళ్ల అక్క ఇంటికి వెళుతూ ఒక మొక్కను కుండీతో సహా నాకు అప్పగించింది.

"రోజూ పొద్దున్నే మేడ మీద ఎండలో పెట్టండి. నేను వచ్చిన మర్నాడే బడిలో తనిఖీ. అధికారుల ముందు దీంతోనే పాఠం చెప్పాలి. చెడిందా, నా పరువు పోయినట్టే."

"నీళ్లు పోస్తానుగా, ఎండెందుకే?"

"ఆకులో హరితరేణువులుంటాయి. వెలుతురు పడితేనే వాటి పొయ్యి రాజుకుంటుంది. ఆ వేడితో నీళ్లూ గాలీ కలిపి పిండి వండుకుంటాయి. ఉత్త నీళ్లు పోస్తే ఎసరు పెట్టి పొయ్యి వెలిగించనట్టే."

మేడకు డెబ్బై రెండు మెట్లు. మొక్కను మంచం కింద పెట్టాను.

తొమ్మిదో రోజుకు ఆకులకు కామెర్లొచ్చాయి. ఇంట్లో కిటికీల ఆకుపచ్చ రంగు మిగిలి ఉంది. రెండు కోటింగులు వేశాను. అంత నిగనిగలాడే మొక్క ఏ అడవిలోనూ ఉండదు.

ఆవిడ వచ్చింది.

"రోజూ మోశారా?"

"మోకాళ్లు అరిగిపోయాయనుకో."

"పాపం!"

ఒక ఆకు తుంచి స్పిరిటు గిన్నెలో వేసి, ఆ గిన్నెను వేడినీళ్లలో పెట్టింది. నా రంగు మీగడలా పొరకట్టి లేచింది. ఆకు తెల్లగా తేలింది. దానిమీద అయోడిన్ చుక్క వేసింది.

"కడుపు నిండిన ఆకైతే నల్లబడాలి. ఇందులో మెతుకు లేదు. పస్తు పెట్టింది చాలక, రంగు పూసి ఉన్న కాస్త వెలుతురూ మూసేశారు."

"మరి నీ పాఠం?"

"పాఠానికి రెండు మొక్కలు కావాలండీ. ఎండ తిన్నదొకటి, పస్తున్నదొకటి. తినాల్సినదాన్ని ఎదురింటి పిన్నిగారికి ఇచ్చి వెళ్లాను. పస్తుండాల్సినదాన్ని మీకిచ్చాను. అడుగున రెండాకులు మీ కుంచె తప్పించుకున్నాయి. అవి చాలు."

మధ్యాహ్నం నా ముందు ఖాళీ కంచం పెట్టింది.

"అన్నమేదే?"

"తెల్లరంగు డబ్బా కూడా ఉందిగా. రెండు కోటింగులు వేసుకోండి."

ఆవిడ పోయి మూడేళ్లు. రంగు ఆకులు రాలి ఆ మొక్కకు కొత్తవి వచ్చాయి. పలకరించడానికి వచ్చినవాళ్లు అది నాకు తోడన్నారు. తోడు కాదు, బరువు. రోజూ డెబ్బై రెండు మెట్లూ మోస్తున్నాను. మోకాళ్లు ఇప్పుడు నిజంగానే అరిగాయి.

చెబితే 'పాపం!' అనేవాళ్లు చాలామందే ఉన్నారు. నమ్మకుండా అనే మనిషే లేదు.