డిటెక్టివ్ భీమేశ్ యాభై ఒకటో కేసు

ఆ సోమవారం వీరబాబు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి ఫోను చేయాలి, పదింటికి అనుమతి తీసుకోవాలి, పదకొండింటికల్లా అమరుడైపోవాలి. తొమ్మిదింటి పనే తిన్నగా సాగలేదు. "మీవారి సిరీసు కావాలండీ" అని ఆయన ఇటు అరిస్తే, అటు తిరుమలమ్మకు సిరాసీసా అని వినబడింది. "ఉన్నది నాయనా, కాకపోతే ఎండిపోయింది. వచ్చి తీస్కపో," అన్నదామె.

తిరుమలమ్మ భర్త వెంకోబరావు కర్ణాటకలోని సింధనూరులో ఉండి యాభై డిటెక్టివ్ నవలలు రాసి కన్నుమూసినవాడు. ఆయన సృష్టి డిటెక్టివ్ భీమేశ్. ఊరి చుట్టూ వరి, భీమేశ్‌కు మిల్లుకొక వైరి. ఎంత ఊక పోసి కప్పినా శవం ఊపిరి ఎక్కడ ఆగిందో ఊకదంపుడు లేకుండా చెప్పేవాడు. తుంగభద్ర కాలువ కింద కోస్తా రైతుల క్యాంపులో పుట్టిన వీరబాబు ఆ యాభై నవలలూ చదువుతూ పెరిగాడు, రైసుమిల్లులో సూపర్‌వైజరుగా చదువుతూనే రిటైరయ్యాడు. పైదేశాల్లో పోయిన రచయితల డిటెక్టివులను వారసుల అనుమతితో కొత్త రచయితలు మళ్ళీ డ్యూటీలో చేర్చుకుంటున్నారని పేపర్లో చూసిన రోజు నుంచి ఆయనకు నిద్ర లేదు. రచయిత పోతే పోయాడు, రచన పోవాలా? యాభై ఒకటోది తానే రాయాలి. ఇంట్లో భార్య నవ్వింది, క్యాంపంతా నవ్వింది. అందుకే ఇది పంతమై కూర్చుంది.

పదింటికి ఆయన తిరుమలమ్మ ఇంటికి చేరేసరికి అరుగు మీద సిరాసీసా సిద్ధంగా ఉంది. వీరబాబు దాన్ని పక్కకు జరిపి, ఈసారి ఆమె చెవి దగ్గర కూర్చుని, తనకు కావలసింది సిరా కాదనీ, భీమేశ్ కథలు కొనసాగించే హక్కనీ పావుగంట విన్నవించాడు. ఆమె శ్రద్ధగా విన్నది. అవుననలేదు, కాదనలేదు. లోపలికి పోయి పళ్ళెంలో బెల్లం ముక్క, చెంబుతో నీళ్ళు తెచ్చి ముందు పెట్టింది.

వీరబాబు సర్దుకుని నిటారుగా కూర్చున్నాడు. మాట ఖాయమైతే నోరు తీపి చేయడం క్యాంపులో రివాజు. తాతల నాడు వచ్చిన కుటుంబమే అయినా, మిల్లూ క్యాంపూ తప్ప మరో ఇంటి గడప తొక్కనివాడు కావడంతో, బెల్లానికి ఇంకో అర్థం ఉండవచ్చని ఆయనకు తోచలేదు. కళ్ళు మూసుకుని బెల్లం నోట్లో వేసుకున్నాడు. ఆ పైన మహారచయిత రాతప్రతులను ఒకసారి చూపమని కోరాడు. ఆమె పిలిస్తే నింగప్ప అనే బక్కపలుచని ముసలాయన అటక ఎక్కి పన్నెండు కట్టలు దించాడు. వెంకోబరావు నవలలు అచ్చయిన ప్రెస్సులో అక్షరాలు కూర్చిన కంపోజిటరు ఆయన. ప్రెస్సు మూతపడ్డాక తిరుమలమ్మకు చేదోడుగా ఉంటున్నాడు. మిగతా ముప్పై ఎనిమిదీ చెదల పాలయ్యాయనుకుని వీరబాబు బాధపడ్డాడు. ఉన్న కట్టలను విప్పడం అపచారమనుకుని కళ్ళకద్దుకుని తిరిగి ఇచ్చేశాడు.

మూడోరోజుకు సింధనూరు బస్టాండులో ఫ్లెక్సీ లేచింది. "భీమేశ్ మళ్ళీ వస్తున్నాడు. రచన: వీరబాబు." వెంకోబరావు జయంతి నాడు తిరుమలమ్మ ఇంటి ముందే ఆవిష్కరణ. నవల నెలలో పూర్తయింది. దానికి ఇరవై పేజీల ముందుమాట కూడా తయారైంది. అందులో అంశం ఒక్కటే: ప్రతి అధ్యాయం చివర భీమేశ్ టీ ఎందుకు తాగుతాడు? అది జీవితపు చేదును తీపితో మరిగించడమని వీరబాబు తేల్చాడు. ముప్పై ఏడో నవలలో వరసగా మూడు కప్పులు తాగిన చోట బాల్యం, యవ్వనం, వార్ధక్యం అని నిరూపించాడు.

ఫ్లెక్సీ ఎక్కిన మర్నాడే దాని పక్కన రెండోది ఎక్కింది. అది కల్మల అనే ఊరికి చెందిన రిటైర్డు బస్సు కండక్టరు అమరప్పది. ఆయనా తిరుమలమ్మను చూడబోయాడు. వెంకోబరావు కూర్చుని రాసిన కుర్చీలో ఆమె తనను కూర్చోబెట్టింది కనుక గద్దె తనదేనని నమ్మాడు. ఆ వారమే మూడోది లేచింది. రాయచూరు అమ్మాయి సాహితి ఫోన్ యాప్‌లో కథలు చదివి వినిపిస్తుంది. ఆమె చేతికి తిరుమలమ్మ వెంకోబరావు కలమే అందించిందట. అమరప్ప నవలలో భీమేశ్ సన్యాసం పుచ్చుకున్నాడు. సాహితి దాంట్లో భీమేశ్ చెల్లెలు కేసు పట్టింది. వీరబాబు నవలలో భీమేశ్ క్యాంపు అమ్మాయిని పెళ్ళాడి ప్రతి వాక్యానికీ "అండీ" తగిలించడం మొదలుపెట్టాడు. ఒకే డిటెక్టివు, మూడు జాతకాలు, మూడింటికీ ఒకటే ముహూర్తం.

జయంతి ఉదయం క్యాంపు జనం ట్రాక్టరులో దిగారు. వీరబాబు భార్య ముందు వరసలోనే ఉంది. అమరప్ప కల్మల నుంచి సగం బస్సు నింపుకొచ్చాడు. సాహితి ఒక్కతే వచ్చింది కాని, చేతిలో ఫోను లైవులో ఉంది, దాని వెనక ఎన్ని చెవులున్నాయో దేవుడికెరుక. హక్కు నాదంటే నాదని మొదలై, వెంకోబరావు శైలి నాకబ్బిందంటే నాకబ్బిందని ముదిరి, రచనలు రచ్చలయ్యాయి. వీరబాబు చూపు మాత్రం ట్రాక్టరు మీదే ఉంది. ఇవాళ కాదంటే ఆ ట్రాక్టరులోనే, ఆ జనంతోనే తిరిగి పోవాలి.

"అమ్మగారు నాకు బెల్లం పెట్టారండీ. మాట ఇచ్చినట్టే కదండీ," అన్నాడు.

"బెల్లం ఎవరికైన పెడ్తరు. నన్ను సారు కుర్చీల కూసోవెట్టింది అవ్వ," అన్నాడు అమరప్ప.

తిరుమలమ్మ వచ్చి గడపలో నిలబడింది. ముగ్గురినీ మార్చి మార్చి చూసింది.

"ఎండల పడి వచ్చినోనికి ఉత్త నీళ్ళు ఎట్ల ఇస్తరు నాయనా? బెల్లం పెట్టే ఇస్తరు. కరెంటు మీటర్ చూసేటోనికి గూడ పెడ్త. వాడేం నవల రాయలే," అంది వీరబాబుతో. అమరప్ప వైపు తిరిగి, "ఇంకో కుర్చీ కాలు ఇరిగింది," అంది. సాహితితో, "నీ ఫోన్ నంబర్ రాసిస్తవని కలం ఇచ్చిన బిడ్డా, అది గూడ నువ్వు తీస్కపోతివి," అంది.

సాహితి కలం తీసి గడప మీద పెట్టింది. ట్రాక్టరులో ఎవరో దగ్గారు. ఆ దగ్గు ఎవరిదో వీరబాబుకు తెలుసు, ముప్పై ఏళ్ళ కాపురం.

తిరుమలమ్మ ఒక పసుపు పచ్చ కాగితం ఆయనకిచ్చి గట్టిగా చదవమంది. అందులో భీమేశ్ ధర్మం ఎట్లా నశిస్తోందో పేజీడు ఉపన్యాసం ఇస్తాడు. హంతకుడు అంతసేపూ ఓపికగా వింటాడు. సాహితి మొహమాటపడకుండా చాదస్తమంది. రాసినవాడికి భీమేశ్ అంటే ఏమిటో తెలియదన్నాడు అమరప్ప. వీరబాబు చివరి పంక్తి రెండుసార్లు చూసుకుని తీర్పు చెప్పాడు. "టీ ఏదండీ? టీ లేదంటే ఇది నకిలీదేనండీ."

"అది మా ఆయన చేతిరాత, అచ్చుకు పోక మిగిలింది," అంది తిరుమలమ్మ. "పన్నెండు రాసినంక ఇసుగొచ్చిందాయనకు. హత్యలు చాలన్నడు. ప్రెస్సు నడవాలె గదా. మిగిలినయి నింగప్ప రాసిండు. నన్నడగకుండ్రి, ఆయన్ని అడుగుండ్రి."

జనం తలలన్నీ తిరిగాయి. నింగప్ప అరుగు చివర చెంబులు తోముతున్నాడు. ఆ ముప్పై ఎనిమిదికీ రాతప్రతులేవని వీరబాబు అడిగాడు. చెదలకు అన్యాయం చేశానేమోనన్న అనుమానం అప్పుడే మొదలైంది.

"కాయితం మీద రాయలే. సీదా సీసం అక్షరాలే కూర్చుకుంట పోయెటోన్ని," అన్నాడు నింగప్ప.

"మరి టీ అండీ?"

"అధ్యాయం అయినంక పేజీ కింద జాగ మిగుల్తుండె. ఖాళీగ ఉంటె బాగుండదని టీ తాపిస్తుంటి."

"ముప్పై ఏడులో మూడు కప్పులు..."

"శానా మిగిలింది," అన్నాడు నింగప్ప.

వీరబాబు ఇరవై పేజీల ముందుమాటను నెమ్మదిగా మడిచి చంకలో పెట్టుకున్నాడు. అచ్చం వెంకోబరావే అని తాను జీవితమంతా మురిసింది అచ్చు వేసినవాణ్ణి చూసి. వెంకోబరావు భీమేశ్‌ను నింగప్ప ఎప్పుడో కొనసాగించేశాడు. ఇప్పుడు తాను కొనసాగించబోయేది కొనసాగింపును. అయినా ఇంత దూరం వచ్చాడు. వెనక ట్రాక్టరు ఉంది, బస్టాండులో ఫ్లెక్సీ ఉంది. చేతులు కట్టుకుని నింగప్ప ముందుకు నడిచాడు. అమరప్పా సాహితీ కూడా ఆయన వెనకే నడిచారు.

"అయితే యాభై ఒకటోది నన్ను రాసుకోమంటారాండీ?" అన్నాడు.

నింగప్ప తోముతున్న చెంబు పక్కన పెట్టాడు. అవుననలేదు, కాదనలేదు. లోపలికి వెళ్ళి, పళ్ళెంలో మూడు బెల్లం ముక్కలు, మూడు చెంబుల నీళ్ళు తెచ్చి ముగ్గురి ముందూ పెట్టాడు.

ముగ్గురూ నీళ్ళు నమిలారు. బెల్లం మాత్రం ఎవరూ ముట్టలేదు.